తక్కువ ఖర్చులో జిప్సీకి రెండు అంగుళాల లిఫ్ట్: కమాన్ కట్ట నుంచి హెడ్‌లైట్ దాకా

మారుతి జిప్సీ 1985 డిసెంబరులో మన రోడ్ల మీదికి వచ్చింది. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు, 1996లో 1.3 లీటర్ ఇంజన్ వేశారు. 2019 దాకా మామూలు జనానికి అమ్మారు. అమ్మకం ఆగినా బండి మాత్రం ఆగలేదు. ఏజెన్సీ మట్టి దారుల్లో, నల్లరేగడి పొలాల్లో, ఎస్టేట్లలో ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. దీనికి ముందూ వెనకా గట్టి ఆక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఇరుసు), నాలుగు మూలలా నాలుగు కమాన్ కట్టలు (వంపు ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు), కింద నిచ్చెన ఆకారపు ఛాసిస్. సస్పెన్షన్‌లో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. అందుకే ఇంటి ముందు సిమెంటు నేల మీద, ఒక తోడు మనిషితో, మామూలు పానాలతోనే దీన్ని ఎత్తు చేసుకోవచ్చు. ఈ పనికి రెండు రోజులు పెట్టుకోండి. ఒక్క రోజులో ముగిద్దామనుకుంటే సాయంత్రానికి టెన్షన్ మొదలై, బిగించాల్సిన నట్టు ఒకటి వదులుగా మిగిలిపోతుంది.

ఇక్కడ చెప్పేది రెండు అంగుళాల లిఫ్ట్, అంటే సుమారు 50 మిల్లీమీటర్లు. అంతకు మించి ఎత్తాలంటే స్టీరింగ్ లింకులు, ప్రొపెల్లర్ షాఫ్టులు (ఇంజన్ బలాన్ని ఆక్సిళ్లకు చేర్చే కడ్డీలు), ఇంకా చాలా మార్చాలి. అప్పుడు ఖర్చు తక్కువలో తేలదు.

లిఫ్ట్ వల్ల ఏం వస్తుంది, ఏం రాదు

చాలామంది డబ్బు పెట్టి నిరాశపడేది ఇక్కడే. కమాన్లు ఎత్తితే ఛాసిస్, బాడీ, బంపర్లు పైకి లేస్తాయి. ఆక్సిల్ లేవదు. బండి కింద అన్నిటికన్నా కిందికి వేలాడేది చక్రాలను తిప్పే గేర్లుండే డిఫరెన్షియల్ డబ్బా, అది ఆక్సిల్‌కే ఉంటుంది. కాబట్టి దారి మధ్యలో ఉన్న రాయికి డిఫరెన్షియల్ తగులుతోందంటే లిఫ్ట్ వల్ల ఆ బాధ తీరదు. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. టైరు ఎత్తు ఎంత పెరిగితే ఆక్సిల్ అందులో సగం లేస్తుంది.

లెక్క చూద్దాం. మీ బండికి ఇప్పుడు 205/70 ఆర్15 టైరు ఉందనుకుందాం, దాని ఎత్తు 668 మి.మీ. 215/75 ఆర్15 అయితే సుమారు 703. అంటే ఆక్సిల్ 18 మి.మీ. దాకా పైకొస్తుంది. 235/75 ఆర్15 ఎత్తు సుమారు 733, దాంతో ఆక్సిల్ 33 మి.మీ. లేస్తుంది. ఈ పెద్ద టైరు ఫెండర్‌కి రాసుకోకుండా తిరగడానికి చోటు ఇవ్వడమే లిఫ్ట్ అసలు పని. దాంతోపాటు గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్, గట్టు దాటేటప్పుడు పొట్ట, దిగేటప్పుడు వెనక భాగం తగలకుండా కాస్త ఎక్కువ కోణం దొరుకుతుంది.

టైరు ఎంచుకునే ముందు రిమ్ మీద ఉన్న వెడల్పు చదవండి. 5.5 అంగుళాల రిమ్‌కి 215/75 సరిపోతుంది. 235/75కి కనీసం 6 అంగుళాల రిమ్ కావాలి. టైరు పెద్దదైతే గేరు బరువెక్కినట్టు అవుతుంది, స్పీడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది. 205/70 తీసేసి 215/75 వేస్తే మీటరు 60 చూపేటప్పుడు నిజంగా 63 మీద పోతుంటారు. 235/75 వేస్తే దాదాపు 66. తక్కువ ఖర్చులో పని అయిపోవాలనుకునేవాళ్లకు నేను 215/75నే చెప్తాను. రిమ్ మార్చక్కర్లేదు, ఇంజన్ మీద భారం కూడా పెద్దగా తెలియదు.

నష్టం వైపూ చూడాలి. జిప్సీ సన్నటి బండి. వెడల్పు పెంచిన మోడల్‌లోనే ముందు చక్రాల మధ్య దూరం 1300 మి.మీ. ఉదాహరణకి బండి బరువు కేంద్రం నేల నుంచి 600 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, కదలకుండా నిలబడి ఉన్న బండి పక్కకి 47 డిగ్రీలు ఒరిగే దాకా బోర్లాపడదు. 50 మి.మీ. ఎత్తితే అది 45కి వస్తుంది. కదులుతూ, గుంటలో ఊగుతూ ఉన్నప్పుడు అంతకన్నా చాలా ముందే పడుతుంది. లిఫ్ట్ చేసిన బండితో ఏటవాలు గట్టుని అడ్డంగా దాటొద్దు, నిలువుగా ఎక్కి నిలువుగా దిగండి. తారు రోడ్డు మీద మలుపుల్లో కూడా వేగం తగ్గించుకోవాల్సిందే.

చట్టం సంగతి

పని మొదలుపెట్టకముందే ఇది తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకూ, కంపెనీ ఇచ్చిన మూల వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి కూడా ఇది కారణం కావచ్చు. అందుకే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అడగండి. సొంత పొలంలో, ఎస్టేటులో, మూసి ఉన్న ట్రాక్ మీద తిరిగే బండికీ, రోజూ ఊళ్లో తిరిగే బండికీ చాలా తేడా ఉంది. తీసిన పాత భాగాలన్నీ పేరు రాసి దాచుకోండి. అవసరమైతే బండిని మళ్లీ మొదటిలా చేసుకోవచ్చు.

ఏ పద్ధతి మంచిది

జిప్సీలో కమాన్ కట్ట ఆక్సిల్ కింద ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. లారీలకు, పికప్‌లకు పెట్టినట్టు ఆక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య ఇనుప దిమ్మ పెడితే జిప్సీ పైకి లేవదు, కిందికి దిగుతుంది. కమాన్ని ఆక్సిల్ పైకి మార్చే పద్ధతి ఒకటుంది. దానితో ఒకేసారి ఐదు అంగుళాల దాకా వస్తుంది కానీ వెల్డింగు, కొత్త స్టీరింగ్ లింకు, షాఫ్టుల పని కూడా దాని వెంటే వస్తాయి. దాన్ని అనుభవం ఉన్న వర్క్‌షాపుకే వదిలేయండి.

ఇక మిగిలినవి రెండు దారులు: పొడుగు షాకిల్, అదనపు పట్టీ.

షాకిల్ అంటే కమాన్ ఒక చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే పలక. దాన్ని పొడుగు చేస్తే ఆ చివర కిందికి వెళ్తుంది. ఆక్సిల్ కమాన్ మధ్యలో ఉంటుంది కాబట్టి పెంచిన పొడవులో సగమే ఎత్తుగా దక్కుతుంది. షాకిల్ రెండంగుళాలు పొడుగు పెంచితే ఒక్క అంగుళం లిఫ్ట్. ఇది అన్నిటికన్నా చవక. కానీ జిప్సీలో ముందు షాకిల్ కమాన్ ముందు చివరన ఉంటుంది. ఆ చివర దిగితే కమాన్ ముందుకి వాలి, ఆక్సిల్ కూడా ముందుకి తిరుగుతుంది, కాస్టర్ (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు గీత పైభాగం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. కమాన్ పొడవు మీటరు అనుకుంటే 50 మి.మీ. పొడుగు షాకిల్‌కి దాదాపు 3 డిగ్రీలు పోతాయి. కాస్టర్ పోయిన బండి రోడ్డు మీద తిన్నగా పోదు, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. అందుకే ముందు వైపు పొడుగు షాకిల్ వద్దంటాను. వెనక షాకిల్ వెనక చివరన ఉంటుంది, అక్కడ స్టీరింగ్ లేదు కాబట్టి ఎత్తు సరిచేసుకోవడానికి కాస్త వాడుకోవచ్చు.

కాబట్టి నా సలహా ఇది: నాలుగు కట్టలకూ ఒక్కో పట్టీ అదనంగా వేయించండి. అప్పటికీ వెనక భాగం కొంచెం తక్కువగా కనిపిస్తే ఒక అంగుళం పొడుగు షాకిల్ వెనక మాత్రమే పెట్టండి.

ఇంకో మాట. మీ బండి పాతదైతే కమాన్లు ఇప్పటికే కుంగిపోయి ఉండొచ్చు. పట్టీలు వంపు పోయి దాదాపు తిన్నగా కనిపిస్తున్నాయంటే మీకు ముందు కావాల్సింది లిఫ్ట్ కాదు, కంపెనీ కొలతల మంచి కమాన్లు. అవి మార్చాక ఎత్తు కొలిచి చూడండి. కొందరికి అక్కడితోనే తృప్తి కలుగుతుంది.

ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ కూడదు

పట్టీల దగ్గర మిగుల్చుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ కమాన్లు కట్టేవాళ్ల చేతిలో ఈ పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మీ కట్టలో ఉన్న పట్టీల వెడల్పు, మందమే ఉన్న కొత్త స్ప్రింగ్ స్టీలు తీసుకుని, కావాల్సిన పొడవుకి కోసి, వంపు తెచ్చి, టెంపర్ చేసి (వేడిచేసి చల్లార్చి స్ప్రింగు గుణం తెచ్చి) ఇస్తారు. మందం ఎక్కువది వేయించుకోవద్దు, బండి రాయిలా గట్టిపడి ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. పాత పట్టీనే గ్యాస్ మంటతో కాల్చి వంచుతామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. కాల్చిన చోట టెంపర్ పోతుంది. కొన్నాళ్లకు అక్కడే మళ్లీ కుంగుతుంది, లేదా విరుగుతుంది.

యూ బోల్టులు (కట్టని ఆక్సిల్‌కి బిగించేవి), సెంటర్ బోల్టులు (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టేవి), బ్రేక్ హోస్ పైపులు, కమాన్ చివరల్లో ఉండే రబ్బరు బుష్‌లు మాత్రం కొత్తవే, మంచివే కొనాలి. యూ బోల్టు ఒకసారి బిగిస్తే సాగుతుంది. రెండోసారి అదే పట్టు ఇవ్వదు. పైగా పట్టీ చేరితే కట్ట మందం పెరుగుతుంది కాబట్టి పాతది పొడవు కూడా చాలదు. నట్టు పూర్తిగా పట్టాక ఇంకా మూడు నాలుగు మరలు బయటికి కనిపించేంత పొడవు చూసుకోండి. షాక్ అబ్జార్బర్ల సంగతి తర్వాత చెప్తాను, ఈ మొత్తం పనిలో ఎక్కువ డబ్బు తీసుకునేవి అవే.

పనిముట్లలో రెండు జాకీలు, నాలుగు జాకీ స్టాండ్లు, టార్క్ రెంచ్, నాలుగు పెద్ద జి క్లాంపులు, వైర్ బ్రష్, చక్రాలకు పెట్టే చెక్క దిమ్మలు ఉండాలి. ఇటుకల మీద, సిమెంటు దిమ్మల మీద బండిని నిలబెట్టొద్దు. అవి ముందు హెచ్చరించవు, ఒక్కసారిగా పగులుతాయి. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ కూడా పక్కన ఉంచుకోండి. ప్రతి నట్టుకీ ఎంత టార్క్ (బిగింపు బలం) అనేది అందులో చూసే బిగించాలి.

ముందు రోజు చేసుకోవాల్సినవి

బండిని సమంగా ఉన్న నేల మీద నిలపండి. లోపల సామాను తీసేయండి. ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి నాలుగు అంకెలూ రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా కూడా అందులో కలుస్తుంది, చక్రం మధ్య నుంచి కొలిస్తే కమాన్ సంగతి మాత్రమే తెలుస్తుంది.

రాత్రి హెడ్‌లైట్లు వేసి, బండి ఐదు మీటర్ల దూరంలో ఉండగా ఎదురు గోడ మీద వెలుగు మధ్య భాగం ఎక్కడ పడుతోందో సుద్దతో గీయండి. నేల నుంచి ఆ గీత ఎత్తు, హెడ్‌లైట్ మధ్య ఎత్తు, ఈ రెంటికీ తేడా రాసుకోండి. చివర్లో పనికొస్తుంది.

అన్ని నట్ల మీదా తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. షాకిల్ బోల్టులు, యూ బోల్టు నట్లు, షాక్ అబ్జార్బర్ నట్లు, బ్రేక్ పైపు జాయింట్లు, ఏదీ మరిచిపోవద్దు. ఛాసిస్‌కి షాకిల్ తగిలే చోట తుప్పు తిని ఉందేమో సుత్తి మొనతో పొడిచి చూడండి. మెత్తగా లోపలికి దిగితే లిఫ్ట్ ఆలోచన పక్కన పెట్టి, ముందు ఛాసిస్ బాగు చేయించుకోండి.

వెనక కమాన్లు

వెనక నుంచి మొదలుపెట్టడం మంచిది. అక్కడ స్టీరింగ్ లేదు, చేతికి పని అలవాటవుతుంది.

1. ముందు చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మలు బిగించండి. హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్మొద్దు. వెనక చక్రాల నట్లు కొంచెం వదులు చేసి, బండి లేపి, వెనక కమాన్ ముందు చివర తగిలే చోటుకి కాస్త ముందుగా ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదలకపోతేనే కిందికి దూరాలి.

2. రెండో జాకీ ఆక్సిల్ కింద పెట్టి, ఆక్సిల్ బరువు మాత్రం మోసేలా ఆనించండి. షాక్ అబ్జార్బర్ల కింది నట్లు తీయండి. బ్రేక్ హోస్ లాగినట్టు కనిపిస్తే ఛాసిస్ దగ్గర దాని బ్రాకెట్ విప్పండి. మీ బండిలో ఆక్సిల్ నుంచి లింకుతో పనిచేసే లోడ్ సెన్సింగ్ బ్రేక్ వాల్వ్ (బండి మీది బరువుని బట్టి వెనక బ్రేకుని సర్దేది) ఉంటే ఆ లింకు కూడా విడదీయండి.

3. ఒకసారి ఒక పక్కనే విప్పండి. రెండో పక్క కట్టి ఉన్నంతసేపు ఆక్సిల్ తన చోటు వదలదు. రెండూ విప్పితే మళ్లీ చోటుకి తేవడానికి సగం పూట పడుతుంది.

4. నాలుగు యూ బోల్టు నట్లు తీసి కింది ప్లేటు దించండి. ఆక్సిల్‌ని జాకీతో కొంచెం పైకి లేపితే కమాన్ దాని నుంచి విడిపోతుంది. ఇప్పుడు షాకిల్ బోల్టు, ఆ తర్వాత ముందు చివర బోల్టు తీసి కట్టని కిందికి దించండి. చూడటానికి చిన్నదే కానీ బరువుంటుంది, దించేటప్పుడు తోడు మనిషి పట్టుకోవాలి.

ఇక ఈ పనిలో కాస్త ఆగి, శ్రద్ధ పెట్టాల్సిన చోటు వచ్చింది. కట్టని బల్ల మీద పక్కకి పెట్టి, సెంటర్ బోల్టుకి అటూ ఇటూ ఒక జానెడు దూరంలో రెండు జి క్లాంపులు గట్టిగా బిగించండి. అప్పుడే సెంటర్ బోల్టు నట్టు విప్పాలి. క్లాంపులు లేకుండా విప్పితే, లోపల అణిగి ఉన్న పట్టీలు ఒక్క దెబ్బతో విచ్చుకుంటాయి, అడ్డొచ్చిన వేలు ఉండదు. నట్టు వచ్చాక రెండు క్లాంపుల్నీ పావు తిప్పు చొప్పున మార్చి మార్చి వదలండి. పట్టీలు చిన్నగా మూలుగుతూ విడివడతాయి. మీ ముఖం కట్టకి ఎదురుగా కాకుండా పక్కకి ఉంచుకోండి.

విడిపోయిన ప్రతి పట్టీని వైర్ బ్రష్‌తో రుద్ది, కిరోసిన్‌తో కడిగి, పొడి గుడ్డతో తుడవండి. తర్వాత సుద్దపొడి పల్చగా పూసి పావుగంట వదిలేయండి. పట్టీకి కంటికి కనపడని చీలిక ఉంటే అందులో దాగిన కిరోసిన్ బయటికొచ్చి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత తేలుతుంది. ముఖ్యంగా సెంటర్ బోల్టు కన్నం చుట్టూ చూడండి, పట్టీలు ఎక్కువగా విరిగేది అక్కడే. గీత కనిపిస్తే ఆ పట్టీ మార్చాల్సిందే. వెల్డింగు చేయించడం, కొత్త కన్నం వేయించడం కుదరవు.

కొత్త పట్టీని పొడవు వరసలో దాని చోటనే పెట్టాలి. దాని పైదాని కన్నా పొట్టిగా, కిందిదాని కన్నా పొడుగ్గా ఉండాలి, చివరలు మెట్లు మెట్లుగా దిగాలి. ఒకే చోట రెండు చివరలు కలిస్తే బరువంతా అక్కడ పడి పైపట్టీ విరుగుతుంది. పట్టీల చివరలకు మాత్రం గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాయండి. మామూలు గ్రీజు దట్టంగా పూస్తే మన దుమ్ముకి అదే ఇసుక కాగితంగా మారుతుంది. కన్నాల్లో సన్నటి ఇనుప కడ్డీ దూర్చి వరస సరిచూసుకుంటూ క్లాంపులతో నెమ్మదిగా అణచి, కొత్త సెంటర్ బోల్టు వేయండి. దాని గుండ్రటి తల పైకి, మెయిన్ పట్టీ వైపు ఉండాలి. ఆక్సిల్ అడుగున ఉన్న కన్నంలో ఆ తల కూర్చుంటేనే ఆక్సిల్ ముందుకీ వెనక్కీ జరగదు.

5. కట్టకి కొత్త బుష్‌లు వేసి, ముందు చివర బోల్టు, తర్వాత షాకిల్ పెట్టండి. వంపు పెరిగిన కట్ట పొడవు కాస్త తగ్గుతుంది కాబట్టి షాకిల్ కన్నం అందకపోవచ్చు. ముందు చివర కలిపి, షాకిల్ వైపు చిన్న జాకీతో ఎత్తి అందించండి. సుత్తితో కొట్టి బోల్టు దూర్చొద్దు, మరలు పాడవుతాయి.

6. ఆక్సిల్ దించి, సెంటర్ బోల్టు తల కన్నంలో కూర్చుందని వేలితో తడిమి చూసి, కొత్త యూ బోల్టులు వేయండి. నాలుగు నట్లనీ ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఇప్పటికి సగం బిగింపు చాలు. కమాన్ చివరల బోల్టులు, షాకిల్ బోల్టులు కూడా ఇప్పుడు పూర్తిగా బిగించొద్దు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగినప్పుడు రబ్బరు బుష్ మెలికపడి ఆ మెలికలోనే ఎప్పటికీ ఉండిపోతుంది. కొన్ని నెలల్లోనే చిరిగిపోతుంది.

రెండో పక్క కూడా ఇంతే.

ముందు కమాన్లు

పద్ధతి అదే కాబట్టి తేడాలు మాత్రం చెప్తాను. స్టాండ్లు కమాన్ వెనక చివరకి కాస్త వెనకగా ఛాసిస్ కింద పెట్టాలి. పక్కల ఊపు తగ్గించే స్టెబిలైజర్ బార్ లింకులు రెండు వైపులా విప్పండి. బ్రేక్ కాలిపర్ తీయాల్సి వస్తే దాన్ని హోస్ మీద వేలాడదీయొద్దు, తీగతో ఛాసిస్‌కి కట్టండి. స్టీరింగ్ డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ) లాగినట్టు ఉందేమో చూస్తూ ఆక్సిల్ దించండి.

పట్టీ మాత్రమే చేర్చినప్పుడు రెండు చివరలూ దాదాపు సమంగా దిగుతాయి కాబట్టి కాస్టర్ పెద్దగా మారదు. అయినా కాస్టర్ తక్కువని అలైన్‌మెంట్‌లో తేలితే, ఆక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య ఏటవాలు చీలిక పలక పెట్టి సరిచేస్తారు. జిప్సీలో కమాన్ కింద ఉంటుంది కాబట్టి పలక మందం వైపు ముందుకి ఉండాలి. అప్పుడే ఆక్సిల్ పైభాగం వెనక్కి వాలి కాస్టర్ పెరుగుతుంది. పలక ఇనుముది లేదా గట్టి ఉక్కుది తీసుకోండి. మెత్తటి అల్యూమినియం పలకలు నలిగిపోయి యూ బోల్టులు వదులవుతాయి. అలాగే ఈ పలక పెడితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు పినియన్ (డిఫరెన్షియల్‌కి షాఫ్ట్ తగిలే చివర) కిందికి వాలుతుంది. అందుకే రెండు డిగ్రీలకు మించి పెట్టొద్దు.

బ్రేక్ పైపులు

ప్రాణాలు ఆధారపడేది దీని మీదే, తొందర పడొద్దు. నాలుగు మూలలూ స్టాండ్ల మీద ఉండగా ఆక్సిల్‌ని పూర్తిగా కిందికి వేలాడనివ్వండి. ముందు చక్రాలు ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పండి. అప్పుడు కూడా హోస్ బిగుసుకోకూడదు, దేనికీ రాసుకోకూడదు, కాస్త వదులుగా వంపుతో ఉండాలి. బిగుసుకుంటే పొడుగు హోస్ వేయాలి. కొన్నిసార్లు ఛాసిస్ మీది బ్రాకెట్‌ని కాస్త కిందికి మార్చినా చాలు, కానీ ఇనుప పైపుని నొక్కుపడేలా వంచకూడదు.

హోస్ మారిస్తే గాలి తీయడం తప్పదు. మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరం ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రండి. సీల్ విప్పని కొత్త డబ్బా నూనె, బండికి చెప్పిన రకమే వాడండి. పెడల్ రాయిలా ఉండాలి, స్పాంజిలా ఉంటే గాలి ఇంకా ఉన్నట్టే. లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉన్న బండి అయితే, ఎత్తు పెరగ్గానే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుని తగ్గిస్తుంది. దాని బ్రాకెట్‌ని లిఫ్ట్ ఎత్తుకి తగ్గట్టు సరిచేయించండి.

షాక్ అబ్జార్బర్లు, బంప్ స్టాపులు

పాత షాక్‌లు ఉంచేస్తే ఆక్సిల్ కిందికి దిగేటప్పుడు కమాన్ కన్నా ముందు షాక్ చివరకి చేరి, ప్రతిసారీ టక్కుమని కొట్టుకుంటుంది. త్వరలోనే లోపలి రాడ్డు తెగుతుంది. కొత్తవి కొనే ముందు రెండు కొలతలు తీసుకోండి. ఆక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు పై బిగింపు నుంచి కింది బిగింపు దాకా ఒకటి, ఆక్సిల్ బంప్ స్టాప్‌కి (ఆక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మకి) తగిలినప్పుడు మళ్లీ ఇంకొకటి. షాక్ పూర్తి పొడవు మొదటి దానికన్నా కొంచెం ఎక్కువ, మూసుకున్న పొడవు రెండో దానికన్నా కొంచెం తక్కువ ఉండాలి. రెండంగుళాల లిఫ్ట్‌కని అమ్మేవి చాలావరకు ఈ కొలతలకు వస్తాయి, అయినా టేపు పెట్టి చూసుకోవాల్సింది మీరే.

పెద్ద టైరు వేస్తున్నారంటే బంప్ స్టాప్ కింద దిమ్మ పెంచాలి. లేదంటే గుంతలో కమాన్ పూర్తిగా అణిగినప్పుడు టైరు ఫెండర్ లోపలికి తగులుతుంది. ఒక చక్రం గట్టు మీద, ఎదురు మూల చక్రం గుంతలో పెట్టి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి ఎక్కడైనా రాస్తోందేమో చూడండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఆక్సిళ్లకు బలాన్ని పంచే గేరు డబ్బా) గేరుబాక్స్ నుంచి విడిగా ఉంటుంది, అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ షాఫ్టులు పోతాయి. రెండంగుళాలకు సాధారణంగా షాఫ్ట్ మార్చక్కర్లేదు. అయితే ఆక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు జారే జాయింటు లోపల ఇంకా తగినంత పొడవు మిగిలి ఉందో లేదో చూడండి. షాఫ్టుని చేత్తో తిప్పితే క్రాస్ (షాఫ్టు చివర వంగే జాయింటు) ఎక్కడా బిగుసుకోకూడదు. రెండు క్రాస్‌లకూ, జారే జాయింటుకీ గ్రీజు కొట్టండి. బండి నడిపేటప్పుడు ఒక వేగం దగ్గర వణుకు వస్తే ట్రాన్స్‌ఫర్ కేసు వైపు కోణం, డిఫరెన్షియల్ వైపు కోణం సమానంగా లేవని అర్థం. వెనక పొడుగు షాకిల్ పెడితే పినియన్ పైకి తిరుగుతుంది కాబట్టి ముందు అనుమానించాల్సింది దాన్నే.

బండి నేల మీదికి

చక్రాలు వేసి బండి దించండి. ముందుకీ వెనక్కీ కొన్ని అడుగులు నెట్టి, నాలుగు మూలలూ బలంగా నొక్కి ఊపండి, అప్పుడు కమాన్లు తమ చోటుకి వస్తాయి. ఇప్పుడు, బరువంతా చక్రాల మీద ఉండగానే, యూ బోల్టులు, కమాన్ చివరలు, షాకిళ్లు, షాక్ అబ్జార్బర్లు, స్టెబిలైజర్ లింకులు, చక్రాల నట్లు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించండి. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింట్‌తో చిన్న గీత వేయండి. తర్వాత ఎప్పుడైనా నట్టు తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది.

ముందు రాసుకున్న నాలుగు కొలతల పక్కన కొత్తవి రాయండి. కుడి ఎడమల మధ్య 10 మి.మీ. లోపు తేడా ఉంటే పట్టించుకోవక్కర్లేదు. అంతకన్నా ఎక్కువైతే ఒక కట్ట సరిగా కూర్చోలేదు, లేదా పట్టీల వంపు సమంగా లేదు.

ఛాసిస్ లేచింది కాబట్టి డ్రాగ్ లింకు ఏటవాలై, స్టీరింగ్ చక్రం పక్కకి తిరిగి ఉంటుంది. లింకు లాక్ నట్లు వదులు చేసి, పొడవు సరిచేసి, స్టీరింగ్ చక్రం తిన్నగా తెచ్చి మళ్లీ బిగించండి. చక్రాన్ని స్టీరింగ్ షాఫ్ట్ మీంచి పీకి తిప్పి పెట్టడం తప్పుడు దారి, ఎందుకంటే స్టీరింగ్ బాక్స్ మధ్య భాగం అలాగే తప్పి ఉంటుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్‌కి వెళ్లి టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కొలత), కాస్టర్ రెండూ చూపించండి. కాగితం మీద అంకెలు అడిగి తీసుకోండి.

రాత్రికి అదే గోడ ముందు, అంతే దూరంలో నిలపండి. హెడ్‌లైట్ మధ్య ఎత్తుకీ వెలుగు మధ్య ఎత్తుకీ ముందు రాసుకున్న తేడా వచ్చేలా స్క్రూ తిప్పండి. ముందు భాగం వెనక కన్నా ఎక్కువ లేస్తే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో వెలుగు కొడుతుంది, రాత్రిపూట రెండు లైన్ల రోడ్డు మీద అది ప్రమాదం.

మొదటి 500 కిలోమీటర్లు

మొదట ఖాళీ మైదానంలో నెమ్మదిగా తిప్పండి. 20, 30, 40 వేగాల దగ్గర బ్రేకు గట్టిగా వేసి, బండి ఒక పక్కకి లాగుతోందేమో చూడండి. తర్వాత స్పీడ్ బ్రేకర్లు. ఒక చక్రం మాత్రమే ఎక్కించి దాటేటప్పుడు స్టీరింగ్ దానంతట అదే ఎంత తిరుగుతుందో గమనించండి. రెండంగుళాలకు కొంచెం తిరగడం మామూలే, చేతిలోంచి లాక్కునేంతగా తిరిగితే డ్రాగ్ లింకు కోణం చూపించాలి. ఈ పరీక్షలన్నీ అయ్యాకే హైవే మీదికి, ఆ తర్వాతే బురదలోకి.

దాదాపు 100 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించాలి. కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి కాబట్టి అవి తప్పకుండా కాస్త వదులవుతాయి. 500 దగ్గర మళ్లీ ఒకసారి చూడండి. అదే సమయానికి నాలుగు ఎత్తులు కూడా కొలవండి, కొత్త పట్టీ మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు కూర్చోవడం సహజం. బురదలోనో వాగులోనో దిగి వచ్చిన ప్రతిసారీ కింద కడిగి, పెయింట్ గీతలు కలిసే ఉన్నాయా, బ్రేక్ హోస్‌ల మీద రాపిడి గుర్తులు ఉన్నాయా అని టార్చి వేసి చూడండి. హోస్ మీద రబ్బరు నలిగి లోపలి నూలు కనిపించిందంటే ఆ రోజే మార్చేయాలి.